విశ్వ చైతన్యం ప్రాజెక్టులకు నిధులు మంజూరు చేసే ముందు: నిపుణుల సంఘాలకు బహిరంగ లేఖ

యోగ, ధ్యాన పరిశోధనలకూ భారతీయ జ్ఞాన పరంపర ప్రాజెక్టులకూ నిధులు మంజూరు చేసే నిపుణుల సంఘాల సభ్యులకు,

నమస్కారం.

ఉగాదికి తెచ్చుకున్న పంచాంగం ఒకసారి తెరవండి. ఒక పేజీలో గ్రహణం ఉంటుంది: పట్టు వేళ, మధ్యకాలం, విడుపు వేళ, గంటలు నిమిషాలతో సహా. ఇంకో పేజీలో మీ రాశికి ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఉంటాయి. గ్రహణం వేళ తప్పితే డాబా ఎక్కి చూసిన పిల్లవాడికి కూడా తెలిసిపోతుంది. అవమానం ఆరు అని రాస్తే మాత్రం ఆ ఆరూ ఏవో, వాటిని ఎవరు లెక్కపెట్టాలో ఎక్కడా ఉండదు. ఒకే పుస్తకం, ఒకే అచ్చు, ఒకే రకం అంకెలు. అయినా మొదటి మాట పరీక్షకు నిలబడుతుంది, రెండోది పరీక్షకే అందదు.

మీ ముందుకు వచ్చే 'విశ్వ చైతన్యం' ప్రతిపాదనల్లో ఈ రెండు రకాల మాటలూ కలగలిసి ఉంటాయి. పీఠికలో సృష్టి అంతా ఒకే చైతన్యం అని ఉంటుంది. పద్ధతి అన్న శీర్షిక కింద మెదడు విద్యుత్ తరంగాలను నెత్తి మీద నుంచి నమోదు చేసే ఈఈజీ యంత్రం, ముప్పై మంది సాధకులు, ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ఉంటాయి. పీఠిక నుంచి పద్ధతికి దారి ఎక్కడుందో వెతికితే కనబడదు. ఈఈజీలో తేడా రాకపోతే పీఠికలోని మాట తప్పని ఒప్పుకుంటారా అని అడిగితే, ఒప్పుకోరు. మరి తేడా వస్తే ఆ మాట రుజువైందని ఎలా అంటారు?

ఇలాంటి ప్రాజెక్టులను ఆపెయ్యమని మేము అడగడం లేదు. విశ్వ చైతన్యం అన్న భావాన్ని మొత్తంగా పరీక్షించడం ఏ ప్రయోగశాలకూ సాధ్యం కాదు. అందులోంచి ఎవరైనా ఒక అంకె, ఒక పరికరం, ఒక వేళ బయటికి తీసి, 'ఇది ఇలా రాకపోతే నా మాట తప్పు' అని ముందే రాసిస్తే ఆ ముక్కను పరీక్షించవచ్చు. గత నాలుగైదు దశాబ్దాల్లో అలా పరీక్షించారు కూడా. ఏం జరిగిందో, ఎక్కడ బెడిసికొట్టిందో వివరంగా తెలిస్తే, మంజూరు పత్రంలో ఏ షరతులు ఉండాలో మీకే తెలుస్తుంది.

ఈ ప్రశ్న మన దగ్గర కొత్తది కాదు. 1967లోనే విశాఖపట్నంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు గారు సైకాలజీ, పారాసైకాలజీ (టెలిపతీ లాంటి అతీంద్రియ శక్తుల పరిశోధన) విభాగాన్ని నెలకొల్పారు. అమెరికాలో ఆ రంగానికి పేరుమోసిన జె. బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన ఆయన జీవితమంతా భారతీయ తత్వచింతనను ప్రయోగశాల దాకా తీసుకురావచ్చనే నమ్మారు. ఆయన నిర్ధారణలతో మేము ఏకీభవించం. కానీ కార్డులు పంచి, లెక్క కట్టి, పట్టిక వేసి చూపాలన్న పట్టుదల ఆ తరానిది. ఇప్పుడు వస్తున్న ప్రతిపాదనల్లో ఆ పట్టుదలే లోపించింది.

అద్వైతం పేరు చెప్పి కొలతలకు దిగేవాళ్లు ఒక ఉపనిషత్ వాక్యాన్ని కూడా దృష్టిలో పెట్టుకోవాలి. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయిని అడుగుతాడు, తెలుసుకునేవాణ్ణి దేనితో తెలుసుకుంటాం అని. ద్రష్ట దృశ్యం కాలేడన్నది ఆ సంప్రదాయపు మూలసూత్రం. అంటే బ్రహ్మాన్ని మీటరు మీద చూపిస్తామన్న ప్రతిపాదన సైన్సుకే కాదు, అద్వైతానికి కూడా పొసగదు. ఆ మాటకు ఉన్న గౌరవం తత్వశాస్త్రంలో ఉంది, అక్కడే ఉండనివ్వండి. అణువణువులోనూ ఎంతో కొంత అనుభూతి ఉందనే పాశ్చాత్య సిద్ధాంతం సంగతీ అంతే. ఎలక్ట్రాన్‌కు అనుభూతి ఉన్నా లేకున్నా దాని నడక ఒకటే అయినప్పుడు ఏ పరికరం తేల్చాలి?

అంకె బయటపెట్టిన వాదాల దగ్గరికి వద్దాం.

అన్నిటిలోకీ పెద్దది గ్లోబల్ కాన్షస్‌నెస్ ప్రాజెక్టు. రోజర్ నెల్సన్ ఆధ్వర్యంలో 1998 ఆగస్టులో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మొదలైంది. లక్షలాది మనసులు ఒకేసారి ఒకే సంగతిపై లగ్నమైతే, ప్రపంచంలో చెల్లాచెదురుగా ఉన్న రాండమ్ నంబర్ యంత్రాల్లో ఆ ప్రభావం కనిపిస్తుందన్నది వాదన. ఒక్కో యంత్రంలో ఎలక్ట్రానిక్ రొద నుంచి సెకనుకు 200 బిట్లు (ఒక్కోటి సున్నానో ఒకటో) తీస్తారు. అంటే సెకనుకు 200 సార్లు నాణెం ఎగరేసినట్టు. సగటున 100 బొమ్మలు పడాలి. ఊగిసలాట 200లో నాలుగో వంతుకు వర్గమూలం, అంటే 7.07. ఇలాంటివి అరవై చిల్లర యంత్రాలు వివిధ దేశాల్లో ఉండి ప్రిన్స్‌టన్ సర్వరుకు డేటా పంపేవి. ఒక పెద్ద సంఘటన జరిగినప్పుడు ఏ వేళ నుంచి ఏ వేళ దాకా చూడాలో, ఏ లెక్క కట్టాలో డేటా తెరవకముందే రాసిపెట్టుకునేవారు. ఈ ఒక్క పనికి వాళ్లను మెచ్చుకోవాలి. 2015 చివరికి అలాంటివి 500 సంఘటనలు పూర్తయ్యాయి. అన్నీ కలిపితే యాదృచ్ఛికత నుంచి ఏడు సిగ్మాలకు పైగా తేడా వచ్చింది (సిగ్మా అంటే మామూలు ఊగిసలాటకు ఒక కొలత). కేవలం అదృష్టం వల్ల అంత తేడా రావడం లక్ష కోట్లలో ఒక వంతు అవకాశం.

ఆ అంకె చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. యంత్రం మూత తీసి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఆ ఎలక్ట్రానిక్ రొదను పుట్టించే ఏ డయోడూ సరిగ్గా సగం సగం ఇవ్వదు. ఎండకు వేడెక్కినా, పాతబడినా ఒకవైపు మొగ్గుతుంది. ఆ మొగ్గు పోవడానికి వచ్చే బిట్ల ప్రవాహాన్ని 0, 1, 0, 1 అనే మారుమారు వరసతో ఎక్సార్ చేస్తారు. సులువుగా చెప్పాలంటే ఒక బిట్టును ఉన్నదున్నట్టు ఉంచి, తర్వాతి దాన్ని తిరగేస్తారు. దీంతో ఎటువైపు మొగ్గున్నా సగం బిట్లలో కలిసి, సగం బిట్లలో తీసివేతకు పోయి సున్నా అవుతుంది. ఇప్పుడు ఆలోచించండి. విశ్వ చైతన్యం ఏదో క్షేత్రం లాంటిదై డయోడులోని ఎలక్ట్రాన్లను ఒకవైపు నెట్టిందే అనుకుందాం. ఆ నెట్టుడు కూడా ఇదే ఎక్సార్‌లో కొట్టుకుపోతుంది! దాన్ని పట్టాలని పెట్టిన పరికరమే దాన్ని చెరిపేస్తుంది. అయినా ఏడు సిగ్మాలు వచ్చాయంటే, దానికి కారణం డయోడు మీద పనిచేసే క్షేత్రం కాకపోవచ్చునని అక్కడే తేలిపోవాలి. మీ దగ్గరికి రాండమ్ యంత్రాల ప్రాజెక్టు వస్తే మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇది: ఎక్సార్‌కు ముందు బిట్లు కూడా భద్రపరుస్తున్నారా?

తరువాత కాలవ్యవధి సంగతి. 2001 సెప్టెంబరు 11న యంత్రాలు దారితప్పాయని ప్రపంచమంతా ప్రచారమైంది. తీసుకున్న వ్యవధి మొదటి విమానం ఢీకొనడానికి పది నిమిషాల ముందు నుంచి నాలుగు గంటల దాకా. ఎడ్విన్ మే, జేమ్స్ స్పాటిస్‌వుడ్ అదే డేటాను తిరగ లెక్కించారు. వాళ్లిద్దరూ పారాసైకాలజీ రంగంలో పనిచేసినవాళ్లే, బయటి శత్రువులు కారు. ఎంచుకున్న వ్యవధి అదృష్టవశాత్తు కుదిరిందనీ, దాన్ని అటూ ఇటూ జరిపితే తేడా నిలవదనీ తేల్చారు. వ్యవధి ముందే రాసిపెట్టినా ఇది జరగవచ్చు, ఎందుకంటే ఏ సంఘటనకు ఎంత వ్యవధి అన్నదానికి ఒకే సూత్రం లేదు. అంత్యక్రియలకు ఒక లెక్క, భూకంపానికి ఒక లెక్క, నూతన సంవత్సరానికి ఇంకో లెక్క. ఆ ఎంపికలన్నీ ఒకే మనిషి చేతుల్లో ఉన్నాయి.

ఆ ప్రాజెక్టు డేటాను ఏళ్ల తరబడి విశ్లేషించిన పీటర్ బాన్సెల్ 2017లో పదిహేడేళ్ల లెక్కలు ముందేసుకుని చూసి, అవి ప్రపంచ చైతన్యం అన్న వాదనను బలపరచడం లేదని రాశారు. ఏదైనా ఉంటే అది ప్రయోగం నడిపేవాళ్ల ఎంపికకు సంబంధించిందిలా కనబడుతోందన్నారు. లోపలి మనిషి నుంచి వచ్చిన ఈ మాటను ప్రాజెక్టు గురించి రాసేవాళ్లు చాలామంది వదిలేస్తున్నారు.

ప్రిన్స్‌టన్‌లోనే అంతకుముందు 1979 నుంచి 2007 దాకా నడిచిన పేర్ లాబ్ కథ క్లుప్తంగా. ఒక్క మనిషి సంకల్పంతో యంత్రం బిట్లు మారుతాయని, మార్పు పదివేల బిట్లలో కొద్ది బిట్లని వాళ్లు చెప్పారు. అదే లాబు, జర్మనీలో ఫ్రైబుర్గ్, గీసెన్ లాబులు కలిసి ఒకే పద్ధతిలో మళ్లీ చేశాయి. 2000లో ఫలితం వచ్చింది. అసలు అనుకున్న తేడా రాలేదు. ప్రిన్స్‌టన్‌లో కూడా రాలేదు.

ఎన్ని సంఘటనలు చూడాలన్నది మీరు తప్పక అడగాలి. గ్లోబల్ కాన్షస్‌నెస్ ప్రాజెక్టులో ఏడు చిల్లర సిగ్మాలు 500 సంఘటనల మీద వచ్చాయంటే ఒక్కో సంఘటన వాటా దాదాపు 0.33 సిగ్మా. అంటే ఒకటీ రెండూ, పదీ ఇరవై సంఘటనల్లో ఏమీ కనిపించదు. ఆ ప్రభావం నిజమే అయితే, దాన్ని మూడు సిగ్మాల గీత దాటించి పట్టే అవకాశం నూటికి తొంభై ఉండాలంటే లెక్క ఇలా వస్తుంది: 3కు 1.28 కలిపితే 4.28, దాన్ని 0.33తో భాగిస్తే 12.97, దాని వర్గం 168. అందుకని నూట డెబ్భై సంఘటనలు కావాలి. ఒక కుంభమేళాకో, పుష్కరాలకో నాలుగు యంత్రాలు తీసుకెళ్లి 'చైతన్య తరంగం' కొలుస్తామన్న ప్రతిపాదన వస్తే ఈ లెక్క కట్టి చూపమనండి. ఆ ప్రయోగంలో ఏం వచ్చినా దానికి అర్థం ఉండదు. తేడా వస్తే అది అదృష్టం, రాకపోతే అది సరిపోని సంఖ్య.

లెక్క మధ్యలో తొంగిచూడటం ఇంకో తప్పు. వందకు అయిదు తప్పులు ఒప్పుకుంటామని మొదలుపెట్టి, డేటా పోగవుతుండగా అయిదుసార్లు చూసి 'వచ్చింది' అనిపించినప్పుడు ఆపేస్తే తప్పుడు గెలుపులు వందకు పద్నాలుగు అవుతాయి. పదిసార్లు చూస్తే పందొమ్మిది. ఎవరూ మోసం చెయ్యనక్కర్లేదు, ఉత్సాహం ఒక్కటి చాలు.

ఇక మహర్షి ప్రభావం, మహర్షి మహేశ్ యోగి ధ్యాన సంస్థ వారి వాదన. జనాభాలో ఒక శాతానికి వర్గమూలమంత మంది ఒకచోట కూడి ధ్యానం చేస్తే సమాజంలో హింస తగ్గుతుందంటారు. ఇది పంచాంగంలో గ్రహణం పేజీ లాంటి మాట, అంకె ఉంది. 2011 జనాభా ప్రకారం తెలంగాణ మూడున్నర కోట్లు. ఒక శాతం మూడున్నర లక్షలు, వర్గమూలం 592. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 704. ఒక కల్యాణ మండపంలో పట్టే జనం.

దీని మీద పేరుమోసిన ప్రయోగం 1993 జూన్ 7 నుంచి జూలై 30 దాకా వాషింగ్టన్ నగరంలో జరిగింది. చివరి వారాలకు నాలుగు వేల మంది దాకా చేరారు. హింసాత్మక నేరాలు గరిష్ఠంగా 23.3 శాతం తగ్గాయని 1999లో ప్రచురించారు. దేనితో పోలిస్తే తగ్గాయి? ఎండ వేడిమి, వెనకటి ఏళ్ల నేరాలు కలిపి కట్టిన అంచనాతో. ఆ అంచనా సూత్రం మార్చితే తగ్గుదల కూడా మారుతుంది. ఒకే ఊరు, ఒకే వేసవి, ఒకే జోక్యం, అంటే శాంపిల్ సంఖ్య ఒకటి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. దీన్ని మేమే కాగితం మీద వేసి చూశాం. అప్పటి వాషింగ్టన్ జనాభా సుమారు ఆరు లక్షలు. సూత్రం ప్రకారం 78 మంది చాలు. నాలుగు వేల వర్గాన్ని వందతో గుణిస్తే 160 కోట్లు. అప్పటి అమెరికా జనాభా సుమారు 26 కోట్లు. సూత్రాన్ని అక్షరాలా తీసుకుంటే ఆ నాలుగు వేల మంది ధ్యానం న్యూయార్క్‌లోనూ లాస్ ఏంజెలిస్‌లోనూ అంతే నేరాలు తగ్గించాలి. అలాంటప్పుడు పోల్చి చూడటానికి అమెరికాలో ఊరే మిగలదు. దూరంతో ప్రభావం తగ్గుతుందంటారా, అయితే ఎన్ని కిలోమీటర్లకు ఎంత తగ్గుతుందో ముందే రాయాలి. ఆ అంకె లేకపోతే ఏ ఊళ్లో నేరాలు తగ్గినా తమ ఖాతాలో వేసుకోవచ్చు, ఏ ఊళ్లో పెరిగినా దూరం మీదికి నెట్టవచ్చు.

ఇదే ప్రయోగాన్ని సరిగ్గా చెయ్యాలంటే ఊళ్లను వదిలేసి వారాలను తీసుకోవాలి. నలభై వారాలు తీసుకుని చీట్లు వెయ్యండి: ఇరవై వారాలు ధ్యానం, ఇరవై వారాలు సెలవు. నలభైలో ఇరవై ఎంచడానికి 13,784 కోట్ల పైచిలుకు దారులున్నాయి. మీ చీట్లలో వచ్చిన తేడాను, కంప్యూటరులో పదివేల సార్లు చీట్లు తిరగవేస్తే వచ్చే తేడాలతో పోల్చండి. ఎండ, పండగ, క్రికెట్ మ్యాచ్, ఎన్నికలు అన్నీ సగటున రెండు వైపులా సమానంగా పడతాయి, ఏ సూత్రమూ అక్కర్లేదు. ధ్యానం ప్రభావం ఆగిన తర్వాత కూడా మిగులుతుందని వాదిస్తే, ఎన్ని రోజులు మిగులుతుందో చీట్లు వేసే ముందే రాయాలి, ఆ రోజులను లెక్కలోంచి తీసెయ్యాలి. నేరాల లెక్క ఎఫ్ఐఆర్ నుంచి తియ్యవద్దు. ఎఫ్ఐఆర్ తేదీ వేరు, నేరం తేదీ వేరు. పైగా ఏ వారం ధ్యానం నడుస్తోందో స్టేషనులో తెలిస్తే కేసు కట్టడమే మారవచ్చు. 112కు వచ్చే ఫోన్ కాల్స్ వేళతో సహా వాటంతటవే నమోదవుతాయి, అవి తీసుకోండి. చీట్ల జాబితా సీలు వేసిన కవరులో లెక్క కట్టేవాళ్లకు అందకుండా ఉండాలి. ధ్యానం చేసేవాళ్లు ఆ విషయం ఎక్కడా ప్రకటించకూడదు. అది వాళ్లకు కష్టమని తెలుసు, కానీ అది లేకుండా ఈ ప్రయోగానికి విలువ లేదు.

మన దేశంలో మీకు ఎక్కువగా వచ్చేవి ఈఈజీ ప్రతిపాదనలే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగాలి. హైదరాబాదులో ఒకరు, విశాఖలో ఒకరు ఒకే సమయంలో ధ్యానం చేస్తారు. ఇద్దరి మెదడు తరంగాలు కలిశాయని చూపి, రెండు మనసుల వెనక ఒకే చైతన్యం ఉందంటారు. మన కరెంటు సంగతి చూడండి. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి దేశమంతా ఒకే 50 హెర్ట్జ్ లయ. 49.90 నుంచి 50.05 మధ్య అది ఎటు జారినా హైదరాబాదులోనూ విశాఖలోనూ ఒకేసారి జారుతుంది. నెత్తి మీది ఎలక్ట్రోడు తీగలు ఆ గ్రిడ్డుకు యాంటెనాలు. ఇద్దరు మనుషుల స్థానంలో రెండు బకెట్ల ఉప్పునీళ్లలో ఎలక్ట్రోడ్లు ముంచినా ఆ రెండు రికార్డులూ 'కలుస్తాయి'. 50 హెర్ట్జ్‌ను ఫిల్టరుతో తీసేశామంటారు. 100, 150 దగ్గర దాని పిల్లలు మిగిలిపోతాయి. అందుకే బకెట్ల ప్రయోగం కూడా చెయ్యాలనే షరతు పెట్టండి. దానికి ఖర్చు ఏమీ కాదు. యాంప్లిఫయర్ బ్యాటరీ మీద నడవాలి, ప్రతి ఎలక్ట్రోడు దగ్గర చర్మం నిరోధం అయిదు కిలో ఓమ్‌ల లోపు ఉండి, ఆ అంకె సెషను మొదట్లోనూ చివర్లోనూ నమోదవ్వాలి.

రెండో మోసగాడు వేళ. ఇద్దరూ ఒకే నిమిషానికి కళ్లు మూస్తారు, ఇద్దరిలోనూ ఆల్ఫా (విశ్రాంతిలో కనిపించే మెదడు తరంగం) పెరుగుతుంది. ఇరవై నిమిషాలకు ఇద్దరికీ కునుకు పడుతుంది, ఇద్దరిలోనూ ఆల్ఫా తగ్గుతుంది. ఒకే మంత్రం ఆడియో వింటుంటే ఆ లయ రెండు తలల్లోనూ పడుతుంది. దీన్ని పట్టే ఉపాయం సులువు: హైదరాబాదు మూడో సెషన్ను విశాఖ ఏడో సెషనుతో జతచేసి అదే లెక్క కట్టండి. వేరు వేరు రోజుల్లో కూర్చున్నవాళ్లు కూడా అంతే కలిస్తే, కలిసింది మనసులు కావు, టైమ్‌టేబుల్.

మూడోది గామా తరంగాలు, అంటే మెదడు తరంగాల్లో వేగంగా ఊగేవి. సాధకుల్లో గామా విపరీతంగా పెరిగిందన్న వార్తలు తరచు వస్తాయి. 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు వాలంటీర్ల కండరాలను మందుతో తాత్కాలికంగా స్తంభింపజేసి ఈఈజీ తీశారు. 20 హెర్ట్జ్‌కు పైన నెత్తి మీద దొరికే సిగ్నల్‌లో చాలా భాగం మాయమైంది. అది మెదడుది కాదు, నుదుటి, దవడ కండరాలది. ధ్యానంలో ముఖం బిగుసుకున్నా వదులైనా గామా మారుతుంది. కణతల మీద, దవడ మీద అదనపు ఎలక్ట్రోడ్లు పెట్టని గామా ప్రాజెక్టుకు డబ్బివ్వకండి.

నాలుగోది సంఖ్యల వరద. ఒక్కో తల మీద 64 చానళ్లుంటే ఇద్దరి మధ్య జతలు 4,096. అయిదు తరంగ పట్టీలకు 20,480 పోలికలు. వందకు అయిదు చొప్పున ఏ చైతన్యమూ లేకుండానే 1,024 పోలికలు 'ముఖ్యమైనవి'గా వెలుగుతాయి. వాటిలోంచి పది ఏరి రంగుల బొమ్మ వేస్తే పత్రిక మొదటి పేజీలో చక్కగా ఉంటుంది. ఏ చానళ్లు, ఏ పట్టీ, ఏ నిమిషాలు అన్నది ముందే రాయాలి, ఒక్క జత చాలు.

మెదడు సిద్ధాంతాల వైపు కాస్త ఆశ ఉంది. 2004లో జూలియో టొనోనీ ప్రతిపాదించిన సమీకృత సమాచార సిద్ధాంతం చైతన్యానికి ఫై అనే కొలత ఇస్తుంది. ఫై సున్నా కాని ప్రతి వ్యవస్థలోనూ ఎంతో కొంత చైతన్యం ఉన్నట్టే కనుక విశ్వ చైతన్యం వాదులు దీన్ని ఇష్టంగా ఉటంకిస్తారు. కానీ కాస్త పెద్ద వ్యవస్థకు ఆ కొలతను కట్టడం అసాధ్యం. వ్యవస్థను రెండు ముక్కలుగా చీల్చే దారులన్నీ చూడాలి: పది భాగాలుంటే 511, ఇరవై ఉంటే 5,24,287, ముప్పై ఉంటే 53 కోట్ల పైన. 302 న్యూరాన్లున్న చిన్న నులిపురుగుకే 91 అంకెల సంఖ్య వస్తుంది. రాయికో గ్రహానికో ఫై లెక్కించామని ఎవరైనా రాస్తే, వాళ్లు లెక్కించింది ఇంకేదో.

అయితే ఆ సిద్ధాంతం స్ఫూర్తితో పుట్టిన ఒక పరికరం నిజంగా పనిచేస్తోంది. అయస్కాంత కాయిల్‌తో మెదడును ఒకసారి తట్టి, వచ్చిన ఈఈజీ ప్రతిధ్వనిని జిప్ ఫైలులా కుదించి, అది ఎంతవరకు కుదింపుకు లొంగలేదో సున్నాకూ ఒకటికీ మధ్య అంకెగా చెబుతారు. 2016లో 150 మంది మీద దానికి గీత కుదిర్చారు: 0.31. మెలకువ, కలలు పైన. గాఢనిద్ర, మత్తు కింద. తరువాత కొద్దిపాటి స్పృహ ఉన్న 38 మంది రోగుల్లో 36 మందిని పట్టింది. స్పందన లేని 43 మందిలో తొమ్మిదిమంది గీత పైన ఉన్నారు. ఆ తొమ్మిదిమంది మంచం పక్కన కూర్చున్న కుటుంబాలకు ఈ అంకె ఎంత విలువైనదో ఊహించండి. విశ్వం గురించి ఒక్క మాట చెప్పకుండానే, చైతన్యం గురించి కొలవదగ్గది కొలిచారు. మీ నిధుల్లో పెద్ద వాటా ఇలాంటి పనికి వెళ్లాలన్నది మా అభిప్రాయం.

పెన్‌రోజ్, హామెరాఫ్‌ల క్వాంటం వాదానిది ఇంకో రకం గౌరవం, అది ఓడిపోగల మాట చెప్పింది. న్యూరాన్లలో ఉండే సన్నని గొట్టాలైన మైక్రోట్యూబ్యూల్స్‌లో క్వాంటం స్థితులు గురుత్వం వల్ల కుప్పకూలడమే స్పృహ అన్నారు. 2000లో మాక్స్ టెగ్మార్క్ ఆ స్థితులు మెదడు వేడిలో సెకనులో పది లక్షల కోట్లవ వంతుకు మించి నిలవవని లెక్కగట్టారు. నాడుల పనికి వెయ్యో వంతు సెకనైనా కావాలి. ఆ తరువాత ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద, 1,400 మీటర్ల రాతి అడుగున జెర్మేనియం డిటెక్టరు పెట్టి, అలా కూలేటప్పుడు రావలసిన సన్నని కిరణాల కోసం చూశారు. 2020లో ప్రచురించిన ఫలితంతో ఆ నమూనాలో అన్నిటికన్నా సరళమైనది పోయింది. తన రూపంలో కిరణాలు రానక్కర్లేదని పెన్‌రోజ్ వాదన. సరే, అయితే ఇంకేం రావాలో చెప్పాలి. క్వాంటం అన్న మాట వాడే ప్రతిపాదన దగ్గర ఇలాంటి ఒక్క అంకె, సెకన్లలోనో గ్రాముల్లోనో, లేకపోతే ఆ పేజీ తిప్పెయ్యండి.

ప్రత్యర్థులు కలిసి చేసిన పరీక్షలు రెండు మీ మంజూరు పత్రాలకు నమూనాగా పనికొస్తాయి. టొనోనీ సిద్ధాంతాన్నీ, సమాచారం మెదడంతా ప్రసారమైతేనే స్పృహ అనే దాని ప్రత్యర్థి గ్లోబల్ వర్క్‌స్పేస్ సిద్ధాంతాన్నీ 256 మంది మీద, ఏ పక్షానికీ చెందని లాబులు పరీక్షించాయి. ఎక్కడ ఏ సిగ్నల్ రావాలో రెండు పక్షాలూ ముందే సంతకం చేశాయి. 2025 ఏప్రిల్‌లో నేచర్‌లో ఫలితం వచ్చింది: రెండిటికీ కొన్ని దెబ్బలు తగిలాయి. రెండోది భవిష్యత్తు ముందే తెలుస్తుందన్న 2011 నాటి ప్రయోగానికి పునఃపరీక్ష. రెండు తెరల్లో ఏ దాని వెనక బొమ్మ ఉందో ఊహించాలి. మొదటి ప్రయోగంలో వందకు 53.1 సరైనవన్నారు. నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ కలిసి పద్ధతి రాసి, పది లాబుల్లో 2,115 మందితో 37,836 సార్లు చేయించారు. ఒక్కో జవాబూ పడీపడగానే అందరికీ కనిపించే సర్వరులో జమయ్యేది. 2023లో వచ్చిన అంకె 49.89. వాదించడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు, ఎందుకంటే ఏది గెలుపో ముందే అందరూ ఒప్పుకున్నారు.

కాబట్టి మిమ్మల్ని కోరేది ఇది. ప్రతి ప్రతిపాదనలోనూ మొదటి పేజీ మీద ఒకే వాక్యం ఉండాలి: ఏ ఫలితం వస్తే మేము మా వాదన వదులుకుంటాం అని, అంకెతో. అది రాయలేనివాళ్లను తత్వశాస్త్ర విభాగాలకు పంపండి, అక్కడ వాళ్లకు మంచి పని ఉంది. రాసినవాళ్ల దగ్గర విశ్లేషణ ప్రోగ్రామును డేటా రాకముందే తీసుకుని, కొన్ని కల్పిత డేటా ఫైళ్ల మీద నడిపించి చూడండి. కొన్నిటిలో ప్రభావం కలపండి, కొన్నిటిలో కలపవద్దు. కలిపిన వాటిని పట్టుకుని, కలపని వాటిని వదిలెయ్యలేని ప్రోగ్రాము నిజం డేటా మీద కూడా తప్పే చెబుతుంది. ఆ ప్రోగ్రాము ఫైలు హ్యాష్ సంఖ్యను (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తు సంఖ్యను) మీ కార్యాలయంలో తేదీతో నమోదు చెయ్యండి. మనుషుల మీద చేసే ప్రయోగమైతే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో మొదటి వాలంటీరు రాకముందే నమోదు కావాలి. ఆ రిజిస్ట్రీ 2007 నుంచి మన దగ్గరే ఉంది. ధ్యాన సంస్థతో సంబంధం లేని గణాంక నిపుణుడు ఒకరు జట్టులో ఉండి, డేటా కాపీ ఆయన దగ్గర విడిగా ఉండాలి.

చివరగా డబ్బు. ఆఖరి విడత ఇప్పుడు 'ఆశాజనక ఫలితాల' నివేదిక చూసి విడుదలవుతోందంటే ఆశాజనక ఫలితాలే వస్తాయి. దాన్ని ముడి డేటా మొత్తం బహిరంగ నిధిలో జమయిన రసీదుకు ముడిపెట్టండి. ఏమీ రాలేదని తేలిన ప్రాజెక్టుకు కూడా పూర్తి చెల్లింపు, అదే ముగింపు ధ్రువపత్రం ఇవ్వండి. ఆరు నెలల్లో ఆ ఫలితం తెలుగులోనో హిందీలోనో ఇంగ్లిషులోనో అచ్చు కావాలన్న ఒక్క షరతు మాత్రం ఉంచండి.

ఇట్లు,
గణాంక, నాడీ, భౌతిక శాస్త్రాల్లో పనిచేస్తున్న కొందరు